తెనాలి నడిబొడ్డుకు నిర్మాణ మార్గదర్శకాలు ఎలా ఉండాలి? (చర్చ)

తూర్పుకాలవ

సభ్యులందరికీ నమస్కారం. మన తెనాలి 1909లోనే మున్సిపాలిటీ అయింది. 2011 జనాభా లెక్కలనాటికి ఊళ్లో సుమారు 1,65,000 మంది ఉన్నారు. రాజధాని ప్రాంత ప్రకటన తర్వాత ఊరి అంచుల్లో లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు పెరుగుతూనే ఉన్నాయి. అయితే బంగారం కొనాలన్నా, పెళ్లిబట్టలు తీయాలన్నా, డాక్టరుకు చూపించుకోవాలన్నా కొత్త కాలనీలవారూ, కొల్లిపర, దుగ్గిరాల, వేమూరు, అమృతలూరు వైపు పల్లెలవారూ చేరేది మళ్లీ గాంధీచౌక్, బోస్ రోడ్డు ప్రాంతానికే. ఊరు ఎటు పెరిగినా బరువు పడేది నడిబొడ్డు మీదే.

ఏ జాగా నివాసానికో, ఏది వ్యాపారానికో, ఏ రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో మాస్టర్ ప్లాన్ చెబుతుంది. ఒక్కొక్క స్థలంలో ఎంత ఎత్తు కట్టుకోవచ్చో, ముందు ఎంత ఖాళీ వదలాలో భవన నిర్మాణ నియమాలు చెబుతాయి. కొట్టు మెట్టుకూ తారురోడ్డు అంచుకూ నడుమ ఉన్న ఆ పది అడుగుల జాగా ఎలా ఉండాలన్నది మాత్రం ఈ రెంటిలో దేనికీ పట్టదు. నడిచేవారి అవస్థ అంతా ఉన్నది ఆ పది అడుగుల్లోనే.

మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీల్లోనే వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది కనుక మనవంటి ఊళ్లో ప్రజల మాట చేరడానికి ఆ దారి కూడా గట్టిగా లేదు. అందుకే ఊరివాళ్లుగా మనమే ఒక ముసాయిదా రాసి కౌన్సిల్‌కు ఇద్దామని నా ప్రతిపాదన. అందులో ఏమేమి ఉండాలో చెప్పండి. రోడ్డు విస్తరణ ఒక్కటే మార్గమా అన్న ప్రశ్నతో మొదలుపెడదాం.

గల్లాపెట్టె

తూర్పుకాలవ గారూ, ఉద్దేశం మంచిదే. కానీ మార్గదర్శకాలు అనే మాట వినగానే మా బజారువాళ్లకు గుర్తొచ్చేది గోడ మీద ఎర్ర రంగుతో వేసే మార్కింగు. మా వరుసలో చాలా కొట్లు పన్నెండు అడుగుల ముఖం, పాతిక అడుగుల లోతు ఉన్నవి. అందులో ముందు ఆరడుగులు పోతే మిగిలేది కొట్టు కాదు, బడ్డీ. రోడ్డు వెడల్పయితే బేరాలు పెరుగుతాయని అధికారులు చెబుతారు. మా అనుభవంలో వెడల్పయిన చోట బండ్ల వేగం పెరుగుతుంది, అవతలి వైపు కొట్టుకు దాటి వచ్చే ఆడవాళ్లు తగ్గిపోతారు. రెండు వైపులా చూసుకుంటూ, బేరమాడుకుంటూ తిరిగే బజారు మాది. ఇది హైవే కాదు.

ఇక పరిహారం సంగతి. నగదు ఇస్తారా, టీడీఆర్ బాండు ఇస్తారా అన్నది ముందే తేల్చకుండా ఏ కాగితం మీదా మావాళ్లు సంతకం పెట్టరు. ఇది మాత్రం ఖాయం.

కొలబద్ద

పట్టణ ప్రణాళికా విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక గల్లాపెట్టె గారి సందేహానికి జవాబు చెబుతాను. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణ ప్రాంతంలో భూమి తీసుకుంటే మార్కెట్ విలువకు అంతే మొత్తం సొలేషియం (అదనపు పరిహారం) కలిపి ఇవ్వాలి. అంటే విలువకు రెట్టింపు. మున్సిపాలిటీల దగ్గర అంత నగదు ఉండదు. కనుక టీడీఆర్ వైపు మొగ్గుతారు. రోడ్డుకు వదిలిన జాగాకు బదులుగా అదనంగా కట్టుకునే హక్కును బాండు రూపంలో ఇస్తారు. యజమాని తానే వాడుకోవచ్చు, మరొకరికి అమ్ముకోవచ్చు. అదనపు అంతస్తుల కోసం బిల్డర్లు పోటీ పడే మహానగరంలో ఆ బాండుకు గిరాకీ ఉంటుంది. మధ్యతరహా ఊళ్లో కొనేవారు పలుచగా ఉంటారు, ధర కూడా అలాగే పలుచబడుతుంది. వ్యాపారుల భయం ఉత్తది కాదు.

దీనికంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. మాస్టర్ ప్లాన్‌లో ఒక వీధి అరవై అడుగులని గీత గీస్తే ఆ గీత వెంటనే నేల మీదికి రాదు. ఎవరు పాతది పడగొట్టి కొత్త అనుమతికి వస్తారో వారు మాత్రమే వెనక్కి జరుగుతారు. పక్కవారు తాతలనాటి కొట్టులోనే ఉంటారు. ఇరవై ఏళ్లు గడిచేసరికి వీధి పళ్లూడిన నోరులా తయారవుతుంది. వెనక్కి జరిగిన చోట ఏర్పడిన సందులో మోటారు సైకిళ్లు, జనరేటరు, టీ బంకు చేరతాయి. ముందుకున్న కొట్టు దగ్గర నడిచేవాడు మళ్లీ రోడ్డెక్కుతాడు. నా ఉద్యోగకాలంలో నేను చూసిన చాలా విస్తరణలు కాగితం మీద పూర్తయి, నేల మీద ఇలాగే సగంలో నిలిచిపోయినవే.

కాబట్టి ముసాయిదాలో మొదటి అంశంగా నేను కోరేది ఇది. వెనక్కి జరగగా మున్సిపాలిటీకి సంక్రమించిన ప్రతి ముక్కనూ, పక్క ముక్క వచ్చేదాకా ఆగకుండా, అప్పటికప్పుడే రోడ్డు అంచున ఉన్న కాలిబాట మట్టానికి సమం చేసి బాటలో కలపాలి. ఖర్చు స్వల్పం. అధికారం ఇప్పటికే ఉంది. లేనిదల్లా చేయాలన్న రాతపూర్వక నియమం.

గీతలపట్టి

వృత్తిరీత్యా ఆర్కిటెక్టును. కొలబద్ద గారి మాటను పూర్తిగా సమర్థిస్తూ, విస్తరణ లేకుండానే ఎంత సాధ్యమో ఒక లెక్క చూపిస్తాను.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించి ప్రచురించిన 103వ నంబరు మార్గదర్శకాల ప్రకారం నివాస వీధిలో అడ్డులేని నడకబాట కనీసం 1.8 మీటర్లు, వ్యాపార వీధిలో 2.5 మీటర్లు, జనసమ్మర్దం ఎక్కువైన వ్యాపార వీధిలో 4 మీటర్లు ఉండాలి. ఇక్కడ ముఖ్యమైన మాట అడ్డులేని అన్నది. స్తంభం, చెట్టు, బోర్డు, కొట్టు ముందు నిలబడి బేరమాడే మనిషి, వీరందరికీ వేరే పట్టీ వదిలాకే ఆ కొలత.

నలభై అడుగుల వీధిని తీసుకుందాం. అది సుమారు 12.2 మీటర్లు. రెండు వైపులా 2.5 మీటర్ల చొప్పున బాటకు ఇస్తే 7.2 మీటర్లు మిగులుతుంది. రెండు వరుసల రాకపోకలకు అది చాలు. అంటే నలభై అడుగుల వీధిలో నడకా, రెండు వైపుల రాకపోకలూ కుదురుతాయి. కుదరనిది రోడ్డు పక్కన బండి నిలపడం ఒక్కటే. ఒక వైపు రాకపోకలు చేస్తే అదీ కుదురుతుంది. ముప్పై అడుగుల వీధి అంటే 9.1 మీటర్లు. అక్కడ 1.8 మీటర్ల చొప్పున రెండు బాటలు, 3.5 మీటర్ల ఒంటి వరుస, మిగిలిన 2 మీటర్లలో ద్విచక్ర వాహనాలకు, సరుకు దింపుకోవడానికి జాగా ఏర్పడుతుంది. బండ్లు నిలిపి ఉన్నా మధ్యలో 3.5 మీటర్లు ఉంటుంది కనుక ఫైరింజను పడుతుంది. ముప్పై అడుగులకు లోపు ఉన్న వీధిలో బాటకూ రోడ్డుకూ మట్టం తేడా పెట్టకుండా అంతా ఒకే తలంగా రాతిపలకలు పరిచి, బండి నెమ్మదిగా పోవలసిన వీధిగా చేయడం మేలు.

మన వీధుల్లో లోపించింది వెడల్పు కాదని ఈ లెక్క చెబుతోంది. ఆ వెడల్పులో ఎవరి వాటా ఎంతో ఎవరూ పంచిపెట్టలేదు.

గల్లాపెట్టె

లెక్క బాగుంది. కానీ మా కొనుగోలుదారుల కార్లు ఎక్కడ నిలపాలి? పెళ్లిబట్టలకు వచ్చేవారు ఇద్దరు కాదు, ఎనిమిది మంది వస్తారు. బేళ్లు మోసుకొచ్చే ట్రాన్స్‌పోర్టు వ్యాన్లు పట్టపగలు వస్తాయి. వాటి సంగతి మీ 3.5 మీటర్లలో కనబడలేదు.

గీతలపట్టి

అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఒక కారు నిలపడానికి సుమారు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావాలి. ఆ జాగాలో ఐదారు మోటారు సైకిళ్లు పడతాయి. మీ వీధిలోకి వచ్చేవారిలో ఎక్కువమంది దేని మీద వస్తున్నారో ఒక శనివారం సాయంత్రం మీరే కూర్చుని లెక్కపెట్టించండి. కారు ఒకటి కొట్టు ముందు మూడు గంటలు ఆగితే, వరుసలోని మిగిలిన కొట్లకు ఆ మూడు గంటలూ ముఖం మూసుకుపోయినట్టే. పైగా సాయంత్రం వేళ వీధంతా నిండి కనిపించే మోటారు సైకిళ్లలో కొన్ని కొట్ల యజమానులవీ, పనివారివీనూ. ఉదయం పెట్టినవి రాత్రికి గానీ కదలవు.

నా సూచనలు ఇవి. కార్లకు నడిబొడ్డు అంచున, ఐదు నిమిషాల నడకలో ఉమ్మడి పార్కింగు స్థలం ఉండాలి. వీధిలో ఆగే జాగాకు గంట లెక్కన రుసుము పెట్టాలి, మొదటి అరగంటకు తీసుకోకూడదు. యజమానులు, సిబ్బంది తమ బండ్లు ఉమ్మడి స్థలంలోనే పెట్టాలి. సరుకు బండ్లు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం తొమ్మిది లోపు రావాలి. ఇక సెల్లారులో పార్కింగు చూపించి అనుమతి తీసుకుని తర్వాత దానిని గోడౌనుగానో షోరూముగానో మార్చిన భవనాల జాబితాను వార్డులవారీగా ప్రకటించాలి. ఈ చివరిది ఒక్కటి అమలైనా కొత్తగా స్థలం వెతుక్కునే అవసరం సగం తగ్గుతుందని నా నమ్మకం.

మూడుచక్రాలు

ఇంతవరకు జరిగిన చర్చలో అందరూ వెడల్పు గురించి రాశారు. నేను ఎత్తు గురించి రాస్తాను, ఎందుకంటే చక్రాల కుర్చీలో తిరిగేవాడికి అడుగు వెడల్పు తక్కువైనా సర్దుకోవచ్చు గాని, అరడుగు ఎత్తు ఎక్కువైతే అక్కడితో దారి ముగిసిపోతుంది.

మన బజారులో కాలిబాట అంటే మురుగుకాలువ మీది పలకలు. పూడిక తీసేటప్పుడు లేపిన పలకను మళ్లీ సరిగా దించరు, అది ఒక మూల పైకి లేచి ఉంటుంది. పట్టుకుని ఎత్తడానికి పెట్టిన ఇనుప కొక్కెం పైకి పొడుచుకుని ఉంటుంది. ముందు చక్రం దానికే తగులుతుంది. అక్కడి నుంచి రెండు గజాలు పోతే ఒక కొట్టువారు బండి ఎక్కించుకోవడానికి పోసిన సిమెంటు వాలు బాటకు అడ్డంగా ఉంటుంది. ఆ పక్కవారిది మూడు గ్రానైటు మెట్లు. రోడ్డు మీద తారు పొర వేసిన ప్రతిసారీ రోడ్డు మట్టం పెరుగుతుంది. కొట్లలోకి వాననీళ్లు రాకుండా వాళ్లు మెట్లు పెంచుకుంటారు. ఆ మెట్లకు సరిపోయేలా కాలువ గట్టు పెంచుతారు. తప్పు మెట్టుది అనుకుంటాం, నిజానికి మూలం తారుపొరలో ఉంది.

అందుచేత మూడు నియమాలు రాయమని కోరుతున్నాను. ఒకటి, నడిబొడ్డు వీధుల్లో పాత తారు చెక్కకుండా కొత్త పొర వేయరాదు. రెండు, బాట అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. గీతలపట్టి గారు చెప్పిన మార్గదర్శకాల్లోనే ఈ పరిమితి ఉంది. మూడు, కొట్టు మెట్లు కొట్టు హద్దులోనే ఉండాలి. 150 మిల్లీమీటర్లు ఎక్కడానికి 1:12 వాలు కావాలంటే 1.8 మీటర్ల పొడవైన ర్యాంపు పడుతుంది. ప్రతి కొట్టూ అలాంటిదొకటి బాట మీదికి దించితే నడిచేవారు ఎక్కడ నడవాలి? దానికి బదులు కూడళ్ల దగ్గర, దాటే చోట రోడ్డునే బాట మట్టానికి లేపితే బండ్లు వాటంతట అవే నెమ్మదిస్తాయి, కుర్చీ దిగనక్కర్లేదు, బిడ్డను ఎత్తుకున్న తల్లి దిగనక్కర్లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదన్నది మున్సిపాలిటీకి తెలియనిది కాదు.

తోపుడుబండి

మూడుచక్రాలు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా బండ్లకు కూడా చక్రాలే కదా.

వీధి వ్యాపారుల తరఫున కాగితాలు రాసిపెట్టే పని చేస్తుంటాను. ఈ ముసాయిదాలో ఎక్కడైనా ఆక్రమణల తొలగింపు అనే శీర్షిక కింద మమ్మల్ని చేరిస్తే మేము వ్యతిరేకిస్తాం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేయాలి; సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదు. తరలించవలసి వస్తే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది మా ప్రతినిధులు ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. జనాభాలో రెండున్నర శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు చూపాలని కూడా చట్టం చెబుతోంది. 2011 జనాభాతో లెక్కవేసినా ఊరు మొత్తానికి అది నాలుగు వేల పైచిలుకు అవుతుంది. యాభై ఏళ్లకు పైబడి సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలనీ, అక్కడివారిని కదపరాదనీ కూడా ఉంది. పూలబజారు, పండ్ల వరుస వంటివాటిలో ఏవి ఆ కోవలోకి వస్తాయో తేల్చకుండా పటం గీస్తే అది చెల్లదు.

గల్లాపెట్టె

చట్టం ఉందని ఒప్పుకుంటాను. కానీ మేము అద్దె, పన్ను, లైసెన్సు, కరెంటు అన్నీ కట్టుకుని కూర్చుంటే, మా షట్టరు ముందే అవే జాకెట్టు ముక్కలు బండి మీద పెట్టి సగం ధరకు అమ్మితే మా గతేమిటి? చోటు చూపించండి, కాదనను. మా గుమ్మం ముందు కాదు.

తోపుడుబండి

గల్లాపెట్టె గారూ, మీ వరుసలో కొన్ని కొట్లవారే తమ షట్టరు ముందు జాగాను బండ్లకు రోజువారీ అద్దెకు ఇస్తున్న సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రభుత్వ జాగాకు అద్దె వసూలు చేసేవారిని ఏమంటారో ఆ నియమం కూడా ముసాయిదాలో రాద్దాం. మీ మాటలో న్యాయం ఉన్నంతవరకు ఒప్పుకుంటాం. గుమ్మానికి ఎదురుగా కాకుండా, రెండు కొట్ల మధ్య స్తంభాలు, చెట్లు ఉండే పట్టీలో, గీత గీసి నంబరు వేసిన చోట నిలబడతాం. బండి కొలత ఇంతేనని నిర్ణయించండి. నీళ్లు, చెత్తబుట్ట, సాయంత్రం వెలుతురు ఇవ్వండి. ఆడవాళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి వ్యాపారం చేసే చోట శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోవడం గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. పల్లెల నుంచి బజారుకు వచ్చే ఆడవాళ్లదీ అదే బాధ.

చెరువుగట్టు_సిద్దిపేట

మాది తెలంగాణ అయినా విషయం ఒక్కటే కాబట్టి కలగజేసుకుంటున్నాను. మా సిద్దిపేటలో కూరగాయలు, మాంసం, చేపలు ఒకే ప్రాంగణంలో అమ్మే సమీకృత మార్కెట్ కట్టారు. శుభ్రత విషయంలో అది మంచి మెట్టు. ఆ తరువాత రాష్ట్రమంతటా మున్సిపాలిటీల్లో అలాంటివి కట్టాలని ప్రభుత్వం పూనుకుంది. నేను గమనించిన సంగతి ఏమిటంటే, మార్కెట్ భవనం ఎంత బాగున్నా బస్సు దిగినవారు నడిచే దారిలో లేకపోతే బండ్లు మళ్లీ పాత చోటికే వస్తాయి. పై అంతస్తులో కూరగాయల కొట్లు పెట్టడం అన్నింటికన్నా వృథా. సంచి మోసుకుంటూ ఎవరూ మెట్లెక్కరు. మీ ముసాయిదాలో మార్కెట్ ప్రస్తావన ఉంటే దానిని నేలమట్టంలో, మనుషుల దారి మీద ఉండేలా రాయండి.

పట్నంలో_తెనాలి

నేను చెన్నైలో స్థిరపడిన తెనాలివాడిని. ఇక్కడ టి.నగర్‌లోని పాండీబజారును 2019లో వెడల్పాటి కాలిబాటలతో నడిచేవారి వీధిగా మార్చారు. మొదట వ్యాపారులు గల్లాపెట్టె గారిలాగే భయపడ్డారు. ఇప్పుడు సాయంత్రం వేళ అక్కడ కూర్చోవడానికి బల్ల దొరకదు. బండ్లను పూర్తిగా ఆపలేదు, వాటికి ఇచ్చిన జాగాను తగ్గించారు, అంతే. ఢిల్లీ చాందినీచౌక్‌లో మరో దారి తొక్కారు. ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా సుమారు 1.3 కిలోమీటర్ల మేర ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు మోటారు వాహనాలను నిషేధించి, 2021లో ప్రారంభించారు. ఎర్రరాయి పరిచి అందంగా చేశారు గాని, కాపలా సడలినప్పుడల్లా మోటారు సైకిళ్లు దూరుతూనే ఉన్నాయి. నాకు తోచింది ఏమిటంటే, మనిషి కాపలా మీద ఆధారపడే నియమం మన ఊళ్లలో ఎక్కువ కాలం నిలవదు. వీధి ఆకారమే బండిని ఆపేలా ఉండాలి. విజయవాడ బీసెంట్ రోడ్డు ఏ ఆర్కిటెక్టు గీయకుండానే నడిచేవారి వీధి అయిందంటే కారణం అక్కడి జనమే.

గీతలపట్టి

ఇక భవనాల ముఖాల గురించి. మన ఎండలో కొట్లవారు ముందు రేకులు దించుకోవడం అత్యాశ వల్ల కాదు. పడమటి ఎండ బట్టల రంగు తినేస్తుంది. నీడను నిషేధిస్తే నియమం ఓడిపోతుంది. నీడను భవనంలోనే ఇమిడ్చాలి. హైదరాబాద్‌లో 1908 మూసీ వరదల తర్వాత ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టీలో అదే చేసింది. రోడ్డుకు రెండు వైపులా ఒకే తీరు రాతి ముఖం, కింద కమానుల వరండా, వరండాలో నడక, లోపల కొట్లు, పైన గదులు. ఎవరి కొట్టు వారిదే అయినా వీధి అంతా ఒక్కటిగా కనిపిస్తుంది. ఆ వరండాలు కూడా సరుకుతో నిండిపోతుంటాయి, నిజమే. అయినా వందేళ్ల నాటి ఆలోచన ఇప్పటికీ నీడనిస్తోంది.

కొత్తగా కట్టే భవనాల్లో నేల అంతస్తును రెండు మీటర్లు లోపలికి జరిపి, పై అంతస్తులను స్తంభాల మీద ముందుకు తెచ్చుకోనిచ్చి, ఆ వరండాను ప్రజల నడకకు శాశ్వతంగా వదిలేలా నియమం పెట్టవచ్చునని నా ఆలోచన.

గల్లాపెట్టె

రెండు మీటర్లంటే ఆరున్నర అడుగులు. పాతిక అడుగుల లోతున్న కొట్టులో నాలుగో వంతు. గాజు పలకలు, ట్రయల్ రూములు అన్నీ ఆ మిగిలిన దాంట్లోనే సర్దాలా? పెద్ద షోరూములవారికి ఇది సమస్య కాదు. చిన్నవాళ్లు కొట్టు అమ్ముకుంటారు, కొనేది ఆ పెద్ద షోరూములవారే. మీ నియమం బజారు ఆకారాన్ని కాపాడి, బజారు మనుషులను మార్చేస్తుంది.

కొలబద్ద

గల్లాపెట్టె గారి అభ్యంతరం బరువైనది, తోసిపుచ్చలేము. చిన్న స్థలాలకు భవన నియమాల్లో సెట్‌బ్యాక్ (చుట్టూ వదలవలసిన ఖాళీ) సడలింపులు ఉన్నట్టే దీనికీ ఉండాలి. నా మధ్యేమార్గం ఏమిటంటే, నలభై అడుగుల లోతు దాటిన స్థలాలకూ, పక్కపక్క కొట్లు కలిపి ఒకటిగా కట్టేవారికీ వరండా తప్పనిసరి చేయాలి; మిగిలినవారికి ఐచ్ఛికం చేసి, వదిలిన మేరకు పైన అదనపు నిర్మాణానికి అవకాశం ఇవ్వాలి. ఐచ్ఛికం తీసుకోనివారు మాత్రం రేకు చూరును మూడు మీటర్ల ఎత్తుకు పైనే, స్తంభం నేల మీద దించకుండా, గోడ నుంచే పట్టుకునేలా వేసుకోవాలి.

తూర్పుకాలవ

వరండా విషయంలో కొలబద్ద గారి సవరణను ముసాయిదాలో చేరుస్తున్నాను. ఇప్పుడు కాలవల సంగతి. తూర్పు కాలవ, పడమటి కాలవ, నిజాంపట్నం కాలవ ఊళ్లోంచి పోతున్నాయి కనుకనే ఒకప్పుడు మన ఊరిని ఆంధ్రా ప్యారిస్ అన్నారు. అలా పిలిపించుకుని మురిసిపోయినంతగా ఆ కాలవల ముఖం మనం చూడలేదు. మన ఇళ్లూ కొట్లూ కాలవకు వీపు పెట్టి ఉన్నాయి. మరుగుదొడ్ల గొట్టాలూ, హోటళ్ల ఎంగిలీ, కోళ్ల ఈకలూ అన్నీ వీపు వైపు నుంచే పోతాయి. కింద అదే నీళ్లతో వరి పండుతుంది.

కాలవలు జలవనరుల శాఖవి, మున్సిపాలిటీవి కావు. అందుచేత ఒడ్డున ఏ చెట్టు నాటాలన్నా, ఏ బల్ల వేయాలన్నా ఆ శాఖ అనుమతి కావాలి. పూడిక తీసే యంత్రం తిరగడానికి గట్టు ఖాళీగా ఉండాలన్నది వారి అభ్యంతరం, అది సమంజసమైనదే. ఒక ఒడ్డును యంత్రానికి, రెండో ఒడ్డును నడకకు కేటాయించి రెండు శాఖలూ ఉమ్మడిగా ఒప్పందం రాసుకుంటే ఇద్దరి పనీ జరుగుతుంది. కాలవ గట్టు మీద పేదల ఇళ్లున్న చోట పునరావాసం చూపకుండా బాట గీయకూడదని కూడా స్పష్టంగా రాయాలి. కాలవ వైపు హద్దున్న స్థలంలో కొత్తగా కట్టేవారు అటు గుడ్డిగోడ పెట్టకుండా కనీసం కిటికీలు, వరండా పెట్టాలనీ, మురుగు గొట్టం కాలవలోకి వదిలితే అనుమతి రద్దవుతుందనీ రాద్దాం. చెట్లయితే కానుగ, వేప, పొగడ. కోనోకార్పస్ మాట ఎవరూ ఎత్తవద్దని మనవి.

కొలబద్ద

కూడళ్ల గురించి రెండు మాటలు. విగ్రహాలు పోతపోసే శిల్పులున్న ఊరు మనది కనుక ప్రతి కూడలిలో ఒకరు నిలబడి ఉండడం సహజమే అనుకుంటాం. కానీ రోడ్లు, కాలిబాటల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే ఆదేశించింది. ఇకపై విగ్రహాలకు పార్కుల్లో, కాలవ ఒడ్డున చోటు చూపాలని రాయండి. ఉన్నవాటిలో రణరంగచౌక్ వేరే కోవకు చెందినది. 1942 ఆగస్టు 12న జరిగిన కాల్పుల్లో అసువులు బాసిన ఏడుగురి స్మారకం అది. దాని చుట్టూ ఫ్లెక్సీలు కట్టకూడదనీ, అటు వచ్చే దారుల్లో ఆ స్మారక స్తంభాలను కనబడకుండా చేసే హోర్డింగులకు లైసెన్సు ఇవ్వకూడదనీ ఒక్క వాక్యం చాలు.

మూడుచక్రాలు

బోర్డుల విషయం కూడా అక్కడే చేర్చండి. బాట మీద నిలబెట్టే కాళ్ల బోర్డులు చూపులేనివారికి చాలా ప్రమాదం. బోర్డు గోడకే ఉండాలి.

గీతలపట్టి

తవ్వకాల సంగతి మరిచిపోతున్నాం. బాట వేసిన నెలకే నీటి గొట్టానికి ఒకరు, కేబులుకు ఒకరు తవ్వితే ఈ చర్చంతా వృథా. బాట కింద కాంక్రీటు డక్టు వేసి, పాతిక, ముప్పై మీటర్లకు ఒక మూత పెట్టి, కేబుళ్లన్నీ అందులోనే పోవాలనీ, తర్వాత వచ్చే సంస్థ రుసుము కట్టి అదే వాడుకోవాలనీ రాయాలి. ట్రాన్స్‌ఫార్మర్లను బాట మధ్య నుంచి జరపడానికయ్యే ఖర్చును మొదటి అంచనాలోనే చూపాలి. చూపకపోతే గుత్తేదారు దాని చుట్టూ పలకలు పరిచి బిల్లు తీసుకుంటాడు.

తూర్పుకాలవ

అయితే అన్ని వీధులకూ ఒకేసారి అడగకుండా, గాంధీచౌక్ దగ్గర ఒక రెండు వందల మీటర్ల ముక్కను నమూనాగా చేయమని అడుగుదామా? గల్లాపెట్టె గారూ, మీ సంఘం ఒప్పుకుంటుందా?

గల్లాపెట్టె

విస్తరణ లేదని రాతలో ఉంటే ఒప్పిస్తాను. పని ఎప్పుడు పెడతారన్నది కూడా రాతలో ఉండాలి. కొట్టు ముందు గొయ్యి తవ్వి ఆరు నెలలు వదిలేస్తే మేము కోలుకోలేము. ఆషాఢంలో బేరాలు ఉండవని పూర్వం అనుకునేవారు. ఇప్పుడు అది డిస్కౌంట్ల కాలం. శ్రావణం, దసరా, దీపావళి అసలే కుదరవు. కార్తీకం నుంచి పెళ్లిళ్లు. సంక్రాంతి వెళ్లాక మాఘం వచ్చేలోపు, లేదా మూఢం పడిన రోజుల్లో మొదలుపెట్టండి. యాభై మీటర్ల ముక్క పూర్తయ్యాకే తర్వాతి యాభై మీటర్లు తవ్వాలి.

కొలబద్ద

కాలవ ఒడ్డు పని మాత్రం ఆ లెక్కకు కుదరదు. వేసవిలో కాలవలు కట్టేశాక గానీ లోపల పని జరగదు. కాబట్టి రెండింటికీ వేర్వేరు అంచనాలు, వేర్వేరు టెండర్లు పెట్టమని రాయండి. వీధి టెండరులో యాభై మీటర్ల షరతును పని క్రమంగా చేర్చి, ఒక్కో ముక్కకు గడువు, గడువు దాటితే రోజువారీ కోత పెట్టవచ్చు. టెండరు పత్రంలో లేని షరతు తర్వాత ఎంత అరిచినా అమలు కాదు.

తోపుడుబండి

పని జరిగే రోజుల్లో ఆ ముక్కలోని బండ్లను ఎక్కడ నిలపాలో కూడా అదే పత్రంలో చూపించండి. తాత్కాలికమని చెప్పి పంపినవారిని తిరిగి రానివ్వని సందర్భాలు ఉన్నాయి కనుక, తిరిగి వచ్చే తేదీ, బండి నంబరు రాసిన చీటీ ఒక్కొక్కరికీ ఇవ్వాలి.

తూర్పుకాలవ

చేరుస్తున్నాను. ముసాయిదా మొదటి ప్రతిని ఆదివారంలోగా ఇక్కడే పెడతాను. గీతలపట్టి గారు నలభై, ముప్పై అడుగుల వీధుల అడ్డుకోత (క్రాస్ సెక్షన్) పటాలు, మూడుచక్రాలు గారు తాను తిరిగే దారిలో ఆగిపోయే చోట్ల జాబితా ఈలోగా పంపించగలరు.

మూడుచక్రాలు

జాబితాతో పాటు ఒక్కొక్క చోట మెట్టు ఎత్తు టేపుతో కొలిపించి పంపుతాను.